బ్యాక్‌లింకులు నిజాయితీగా సంపాదించడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం చిన్న వ్యాపారుల వెబ్‌సైట్ల కోసం సమగ్ర మార్గదర్శి

పలాసలో జీడిపప్పు, పొందూరులో ఖాదీ, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు, బుడితిలో ఇత్తడి సామాను. వీటిని తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు ఇప్పుడు సొంతంగా వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నారు. సైట్ సిద్ధమవుతుంది, ఫొటోలు పెడతారు, ఫోన్ నంబరు పెడతారు. తర్వాత తమ సరుకు పేరు గూగుల్‌లో కొట్టి చూసుకుంటే మూడో పేజీలో కూడా కనబడదు. ఎక్కడో పెద్ద ఊళ్లలో ఉండి ఇదే సరుకు కొని తిరిగి అమ్మేవాళ్ల సైట్లు పైన ఉంటాయి. సరుకు పుట్టిన ఊరు వెనకబడి, మారుబేరం చేసేవాళ్లు ముందుండటం నన్ను నిజంగా బాధపెడుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాళ్లు పైన ఉండటానికి చాలా కారణాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది బ్యాక్‌లింకులు, అంటే ఇతర వెబ్‌సైట్ల నుంచి మన సైట్‌కి వచ్చే లింకులు. వీటిని కొనాల్సిన పని లేదు. సరుకు పుట్టే చోట ఉన్నవాళ్లకి తెలిసిన సంగతులు తిరిగి అమ్మేవాళ్లకి తెలియవు. ఆ సంగతులను శ్రద్ధగా పేజీల్లో పెడితే, వాటికి లింకు ఇవ్వడానికి జనానికి కారణం దొరుకుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. ఉదాహరణ కోసం ఎక్కువ చోట్ల పలాసలోని ఒక జీడిపప్పు వ్యాపారి సైట్ అనుకుందాం. మీది లాడ్జి అయినా, కోచింగ్ సెంటరైనా, ట్రావెల్స్ అయినా పద్ధతి ఇదే.

లింకుకి విలువ ఎక్కడి నుంచి వస్తుంది

1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ సెర్చ్ ఇంజన్ గురించి ఒక పత్రం ప్రచురించారు. అందులో పేజ్‌ర్యాంక్ అనే లెక్క ఉంది. ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇచ్చాయన్నదాంతో పాటు, ఆ ఇచ్చిన పేజీలకు ఎంత పరపతి ఉందో కూడా ఆ లెక్క చూస్తుంది. మన ఇళ్లలో పెళ్లి సంబంధం వస్తే వాకబు చేసినట్టే ఇదీను. ఊళ్లో మర్యాద ఉన్న పెద్దమనిషి ఒక్కడు చెప్పిన మాట, డబ్బు పుచ్చుకుని పొగిడే పదిమంది మాటకన్నా బరువు తూగుతుంది.

ఇప్పుడు గూగుల్ చూసే అంశాలు చాలా పెరిగాయి. లింకుల ప్రాధాన్యం మునుపటికన్నా తగ్గిందని గూగుల్ ఉద్యోగులే బహిరంగంగా చెప్పారు. అయినా కొత్త పేజీలను కనుక్కోవడానికి, ఏ సైట్ నమ్మదగిందో అంచనా వేయడానికి అది లింకుల్ని ఇంకా వాడుతోంది.

మంచి లింకుని గుర్తుపట్టడానికి నేను ముందుగా సంబంధం చూస్తాను. వంటల సైట్ నుంచి జీడిపప్పు సైట్‌కి వచ్చిన లింకుకి అర్థముంది, క్రికెట్ బెట్టింగ్ సైట్ నుంచి వస్తే లేదు. తర్వాత చోటు చూస్తాను. వ్యాసం మధ్యలో, చదివేవాడికి అవసరమైన దగ్గర ఉన్న లింకుకి బలం ఎక్కువ. పేజీ అడుగున యాభై లింకుల గుంపులో పడి ఉన్నదానికి తక్కువ. మూడోది ఆ లింకు మీద మనుషులు నిజంగా నొక్కుతారా అన్నది. గూగుల్ అనేదే లేకపోయినా ఈ లింకు వల్ల మీకు నలుగురు కొనుగోలుదారులు వస్తారా? వస్తారనిపిస్తే అది మంచి లింకు.

లింకు కోడ్‌లో కొన్ని గుర్తులుంటాయి, అవి కూడా తెలుసుకోవాలి. ‘ఈ లింకుకి నేను పూచీ కాదు’ అని చెప్పే నోఫాలో గుర్తు 2005లో వచ్చింది. 2019లో గూగుల్ మరో రెండు చేర్చింది. డబ్బు తీసుకుని ఇచ్చిన లింకుకి స్పాన్సర్డ్, పాఠకులు తమంతట తాము పెట్టిన లింకుకి యూజీసీ. వీటిని గూగుల్ ఇప్పుడు కచ్చితమైన ఆజ్ఞలుగా కాకుండా సూచనలుగా తీసుకుంటోంది. కంప్యూటర్‌లో లింకు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ఇన్‌స్పెక్ట్ ఎంచుకుంటే ఈ గుర్తు ఉందో లేదో కనబడుతుంది. నోఫాలో అయితే పనికిరాదని మాత్రం అనుకోకండి. వికీపీడియా బయటి లింకులన్నీ నోఫాలోనే, సోషల్ మీడియా లింకులు కూడా దాదాపు అంతే. అయినా వాటి ద్వారా మనుషులు వస్తారు, ఆ వచ్చినవాళ్లలో రాసేవాళ్లూ ఉంటారు.

మొదటి అడుగు: ముందు ఇల్లు సర్దుకోండి

లింకుల వేటకి వెళ్లేముందు సైట్ నిలబడేలా ఉండాలి. ఫోన్‌లో తొందరగా తెరుచుకోవాలి, ఎందుకంటే మన జిల్లాల్లో చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. సైట్ చిరునామా ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ, లేనిదీ రెండూ విడివిడిగా తెరుచుకుంటుంటే, ఒకదాన్ని రెండోదానికి శాశ్వతంగా మళ్లించాలి. సైట్ చేసిన కుర్రాడికి ‘301 రీడైరెక్ట్ పెట్టు’ అంటే అర్థమవుతుంది.

తెలుగులో పేజీలు పెట్టేవాళ్లకి ఒక ప్రత్యేకమైన సూచన. పేజీ తెలుగులో ఉండటం మంచిదే, కానీ పేజీ చిరునామా మాత్రం పొట్టిగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండనివ్వండి. తెలుగు అక్షరాల చిరునామాను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులు, అంకెలతో చాంతాడంత పొడుగు అవుతుంది. చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు, మధ్యలో తెగిపోతే లింకు పనిచేయదు. ఇంగ్లిష్ పేజీ కూడా కావాలనుకుంటే దానికి వేరే చిరునామా ఇచ్చి, హెచ్‌రెఫ్‌లాంగ్ అనే గుర్తుతో రెండూ ఒకటే విషయమని గూగుల్‌కి చెప్పించండి. మెషీన్ అనువాదాన్ని చూసుకోకుండా అలాగే పెట్టేయకండి.

మన సైట్ గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే పరికరం గూగుల్ సెర్చ్ కన్సోల్, అది ఉచితం. సైట్‌ని అందులో చేర్చకుండా ఈ పని మొదలుపెట్టడం అనవసరం, ఎందుకంటే జరిగిన మార్పు కనబడదు.

రెండో అడుగు: ఇప్పటికే ఏమున్నాయో చూసుకోండి

సెర్చ్ కన్సోల్‌లో ఎడమవైపు వరసలో లింక్స్ అని ఉంటుంది. ఏ సైట్లు మీకు లింకు ఇచ్చాయి, మీ పేజీల్లో దేనికి ఎక్కువ వచ్చాయి, ఏ మాటల మీద లింకు పెట్టారు అన్నవి అక్కడ కనబడతాయి. తర్వాత మీకన్నా పైన ఉన్న సైట్లను చూడండి. లింకుల లెక్కలు చూపే ఏహెచ్‌రెఫ్స్ అనే కంపెనీ వాళ్ల ఉచిత బ్యాక్‌లింక్ చెకర్‌లో వాళ్ల చిరునామా పెడితే ముఖ్యమైన వంద లింకుల దాకా చూపిస్తుంది. వాటిని కాపీ కొట్టాలని కాదు, ఎవరు ఎందుకు ఇచ్చారో అర్థం చేసుకోవాలని. ‘వంటలామె జీడిపప్పు గ్రేడుల పట్టికకి లింకు ఇచ్చింది’ అని తెలిస్తే, అంతకన్నా మంచి పట్టిక మీరు పెట్టగలరా అని ఆలోచించవచ్చు.

ఈ పరికరాలన్నిటిలో డొమైన్ అథారిటీ (డీఏ), డొమైన్ రేటింగ్ లాంటి అంకెలు కనబడతాయి. అవి ఆయా కంపెనీలు వేసుకున్న సొంత లెక్కలు, గూగుల్ వాటిని వాడదు. ‘మీ డీఏ పెంచుతాం’ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మాట గుర్తుంచుకోండి.

మూడో అడుగు: చేతికి అందే లింకులు

ఈ అడుగు తొందరగా ముగించవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లోనూ సెర్చ్‌లోనూ మీ షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి. జస్ట్‌డయల్, ఇండియామార్ట్ లాంటి చోట్ల వివరాలు పెట్టండి. అన్నిచోట్లా షాపు పేరు, చిరునామా, ఫోన్ నంబరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఒకచోట పలాస, ఇంకోచోట కాశీబుగ్గ అని రాస్తే కొనేవాళ్లూ తికమకపడతారు, సెర్చ్ ఇంజనూ తికమకపడుతుంది.

ఆ తర్వాత మీతో ఇప్పటికే లావాదేవీలున్నవాళ్లని గుర్తుచేసుకోండి. మీ దగ్గర సరుకు కొనే విశాఖ, హైదరాబాద్ స్వీట్ షాపులు, మీకు ప్యాకింగ్ కవర్లు, యంత్రాలు ఇచ్చే కంపెనీ, మీరు సభ్యులుగా ఉన్న వ్యాపార సంఘం, మీరు చదివిన కాలేజీ పూర్వవిద్యార్థుల పేజీ. స్వీట్ షాపు వాళ్ల సైట్‌లో ‘మా జీడిపప్పు పలాసలో ఫలానా వాళ్ల దగ్గర నుంచి’ అని ఒక వాక్యం ఉంటే వాళ్లకీ గౌరవమే. యంత్రం గురించి మీ అనుభవం నాలుగు వాక్యాల్లో నిజాయితీగా రాసిస్తే ఆ కంపెనీ సంతోషంగా మీ పేరూ లింకూ పెడుతుంది. అడగడానికి మొహమాటపడి చాలామంది ఈ లింకులు వదిలేస్తున్నారు.

నాలుగో అడుగు: లింకు ఇవ్వాలనిపించే పేజీ

అసలు పని ఇక్కడుంది. మీ సమయంలో సగానికి పైగా ఇక్కడే పెట్టండి.

‘మా దగ్గర నాణ్యమైన జీడిపప్పు సరసమైన ధరలకు లభించును’ అనే పేజీకి ఎవరూ లింకు ఇవ్వరు. ఎవరికైనా ఎందుకు ఇవ్వాలనిపిస్తుంది? చదివేవాడికి ఉన్న ఒక సందేహం అక్కడ పూర్తిగా తీరితేనే ఇవ్వాలనిపిస్తుంది. జీడిపప్పు కొనేవాళ్లకి ఉండే సందేహాలు మీకు ఫోన్‌లో రోజూ వినబడేవే. డబ్ల్యూ 320 అంటే ఏమిటి? డబ్ల్యూ 180కి అంత ధర ఎందుకు? పాయసంలోకి గుండ్లు కావాలా, బద్దలు చాలా?

ఒక పేజీ ఊహించుకుందాం. పేరు ‘జీడిపప్పు గ్రేడులు: ఏది దేనికి’. డబ్ల్యూ తర్వాత ఉన్న అంకె ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుందని మొదటే రాయండి. 180 గ్రేడులో 170 నుంచి 180, 240 గ్రేడులో 220 నుంచి 240, 320 గ్రేడులో 300 నుంచి 320. అంకె చిన్నదైతే గుండు పెద్దది. ఈ ఒక్క సంగతి తెలియక కొనేవాళ్లు తికమకపడతారు. ఒక్కో గ్రేడుని ఒకే బల్ల మీద, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీయండి. బద్దలు, ముక్కలు, నూక కూడా వరసలో పెట్టండి. ఏది పాకంలోకి, ఏది కూరలోకి, ఏది ఉప్మాలోకి అన్నది మీ ఇంట్లోవాళ్లని అడిగి రాయండి. నిలవ ఎలా ఉంచాలి, తేమ తగిలిన పప్పుని ఎలా గుర్తుపట్టాలి, ఇవన్నీ అందులోకి వస్తాయి.

తర్వాత పిక్క నుంచి పప్పు దాకా ఒక పేజీ. ఎండబెట్టడం, ఆవిరికి ఉడికించడం, చేత్తోనో యంత్రంతోనో కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడ్ చేయడం. పిక్క పెంకులోని జీడి నూనె చేతులను కాలుస్తుందని, పని చేసే ఆడవాళ్లు దానికోసం ఏ జాగ్రత్తలు తీసుకుంటారో కూడా రాయండి. పలాస ఫ్యాక్టరీలకి ఉద్దానం పిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతైన పిక్కలు కూడా వస్తాయి. మీ సరుకు ఏదో దాచకుండా చెప్పండి. తిరిగి అమ్మేవాళ్లు ఇలాంటి పేజీ రాయలేరు. రాసినా ఆ ఫొటోలు వాళ్ల దగ్గర ఉండవు. విలేకరులు, వంటలవాళ్లు, వ్యవసాయ విద్యార్థులు వెతికేది ఇలాంటి సమాచారమే.

వేరే సరుకులవాళ్లకి కూడా ఇంతే సంపద ఉంది. పొందూరు సన్న ఖాదీకి కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పని మొదటి నుంచి చివరిదాకా, ఒక్కో దశకీ ఫొటోతో చూపించే పేజీ పెడితే ప్రపంచంలో ఎక్కడి జౌళి విద్యార్థి అయినా దానికి లింకు ఇస్తాడు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణ ఎలా తయారవుతుందో, వాయించేవాళ్లు కొనేటప్పుడు ఏం చూసుకోవాలో రాసేవాళ్లకి సంగీత పాఠశాలల సైట్ల నుంచి లింకులు వస్తాయి. దూరాన ఉన్నవాళ్లు ఈ పేజీలు కల్పించలేరు, మన ఊళ్లో కూర్చుంటేనే రాయగలం.

లాడ్జీలు, ట్రావెల్స్ నడిపేవాళ్లకి కాలం కలిసొస్తుంది. అరసవల్లిలో రథసప్తమి, మార్చిలోనూ అక్టోబరులోనూ మూలవిరాట్టు పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజులు, విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాటి సిరిమానోత్సవం, చలికాలంలో తేలినీలాపురానికి వచ్చే పెలికాన్లు, రంగు కొంగలు. జనం వీటి గురించి వెతకడం ముందునుంచే మొదలుపెడతారు. మీ పేజీ కనీసం రెండు నెలల ముందు సిద్ధంగా ఉండాలి. ఏ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ దిగాలి, ముసలివాళ్లని తీసుకెళ్తే ఎంత దూరం నడవాలి, బండి ఎక్కడ ఆపాలి లాంటివి రాయండి. ప్రతి ఏడాదీ కొత్త పేజీ పెట్టకండి. అదే చిరునామాలో తేదీలు మార్చండి. అప్పుడు పాత లింకుల బలం పోకుండా ఏటా పోగవుతుంది.

ఫొటోల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సాలిహుండం, శ్రీముఖలింగం, కళింగపట్నం లైట్‌హౌస్, రామతీర్థం లాంటి చోట్ల మీరు సొంతంగా మంచి ఫొటోలు తీస్తే, ‘మా పేరు, లింకు ఇచ్చి ఎవరైనా వాడుకోవచ్చు’ అని స్పష్టంగా రాసి ఒక పేజీలో ఉంచండి. రాసేవాళ్లకి ఫొటోల కరవు ఎప్పుడూ ఉంటుంది.

ఇంకొకటి మరిచిపోకూడదు. లింకులు వచ్చేది గ్రేడుల పేజీకి, సరుకు అమ్ముడయ్యేది ఇంకో పేజీలో. గ్రేడుల పేజీలో డబ్ల్యూ 320 గురించి రాసిన చోటు నుంచే డబ్ల్యూ 320 కొనే పేజీకి లింకు ఇవ్వండి. బయటి నుంచి వచ్చిన బలం ఆ దారినే అమ్మకం పేజీకి చేరుతుంది.

అయిదో అడుగు: ఎవరిని అడగాలి

ఒక గూగుల్ షీట్ తెరిచి సైట్ పేరు, పేజీ చిరునామా, రాసినవాళ్ల పేరు, ఎందుకు ఇవ్వొచ్చు, ఎప్పుడు అడిగాం, ఏమన్నారు అని గడులు పెట్టుకోండి. ‘ఎందుకు ఇవ్వొచ్చు’ గడిలో ఏమీ రాయలేకపోతే ఆ వరస తీసేయండి.

వెతకడానికి గూగుల్‌లోనే మంచి ఉపాయాలున్నాయి. ‘పలాస జీడిపప్పు’ అని డబుల్ కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అచ్చంగా ఆ మాటలున్న పేజీలే వస్తాయి. మీ సొంత సైట్ రాకుండా ఉండాలంటే మైనస్ గుర్తు, సైట్ అన్న ఇంగ్లిష్ మాట, కోలన్, తర్వాత మీ చిరునామా చేర్చండి. ఇలా మీ షాపు పేరు వెతికితే, మీ పేరు రాసి లింకు ఇవ్వని పేజీలు బయటపడతాయి. మీరంటే ఇష్టం ఉండబట్టే మీ పేరు రాశారు, లింకు పెట్టమని అడగడం వాళ్లకి బరువు కాదు. అందరికన్నా ముందు అడగాల్సింది వీళ్లనే.

పాడైన లింకుల దారి కూడా మంచిది. వంటల సైట్‌లోనో పర్యాటక సైట్‌లోనో ఉన్న లింకు నొక్కితే పేజీ లేదని వస్తుంది. అక్కడ పూర్వం ఏముండేదో, పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో చూడండి. అదే విషయం మీద మీ దగ్గర మంచి పేజీ ఉంటే, పాడైన లింకు సంగతి వాళ్లకి చెబుతూ మీ పేజీ చూపించండి.

మన రెండు జిల్లాలవాళ్లకి ఇలాంటిదే మరో అవకాశం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాలకొండ, సీతంపేట వైపు, విజయనగరంలో ఉండే పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. ఇంటర్నెట్‌లో ఇంకా పాత జిల్లా పేర్లతోనే పేజీలు కనబడతాయి. మీరు ఏ మండలం ఏ జిల్లాలో ఉందో, ఆఫీసులు ఎక్కడున్నాయో చూపే శుభ్రమైన పేజీ, మ్యాపుతో సహా తయారుచేయండి. తర్వాత తప్పున్న పేజీలవాళ్లకి మర్యాదగా చెప్పండి. మీరు వాళ్లకి నిజమైన సాయం చేస్తున్నారు కాబట్టి మాట వింటారు. కొరియర్, రియల్ ఎస్టేట్, కోచింగ్, ట్రావెల్స్ సైట్లకి ఇది బాగా సరిపోతుంది.

కాలేజీలు, వ్యవసాయ సంస్థల నుంచి వచ్చే లింకులకి గౌరవం ఎక్కువే, అందుకే వాటిని అమ్ముతామనేవాళ్లు కూడా ఉన్నారు. కొనకండి. నైరా వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయం, రాజాం, విజయనగరం ఇంజనీరింగ్ కాలేజీలు మనకి దగ్గరే. విద్యార్థులని మీ యూనిట్ చూడటానికి ఆహ్వానించండి, ప్రాజెక్టుకి సమాచారం ఇవ్వండి. అక్కడినుంచి లింకు వస్తే మంచిది, రాకపోయినా ఆ పరిచయం ఎక్కడికీ పోదు.

ఆరో అడుగు: ఎలా అడగాలి

వందమందికి ఒకే మెయిల్ పంపకండి. పది మందికి వాళ్ల పేజీ చదివి రాయండి. నేను రాస్తే ఇలా ఉంటుంది:

‘నమస్తే అండి. మీరు రాసిన జీడిపప్పు పాకం పద్ధతి చదివాను. పాకం తీగ దగ్గర ఆపాల్సిన సమయం మీరు చెప్పినంత స్పష్టంగా వేరేచోట చూడలేదు. అందులో పెద్ద సైజు పప్పు తీసుకోమన్నారు. ఏ గ్రేడు అడగాలని కింద ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. గ్రేడుల తేడాలు ఫొటోలతో ఒక పేజీలో పెట్టాం, చిరునామా కింద ఇస్తున్నాను. మీ పాఠకులకి ఉపయోగం అనిపిస్తే అక్కడ లింకు ఇవ్వగలరు. ఫొటోలు కావాలన్నా నిరభ్యంతరంగా వాడుకోండి. ఉంటానండి.’

ఇందులో వాళ్ల పేజీ నిజంగా చదివిన ఆనవాలుంది, మీరెవరో ఉంది, పాఠకుడికి కలిగే లాభం ఉంది. ‘ప్రముఖ’, ‘నంబర్ వన్’ లాంటి మాటల్లేవు. లింకు ఏ మాటల మీద పెట్టాలో కూడా చెప్పలేదు, అది రాసేవాళ్ల ఇష్టం. అన్ని లింకులూ ‘బెస్ట్ పలాస జీడిపప్పు ఆన్‌లైన్’ అనే మాటల మీదే ఉంటే అది సహజంగా లేదని గూగుల్ గుర్తుపడుతుంది. షాపు పేరు, పేజీ పేరు, ‘ఈ పట్టిక చూడండి’ లాంటివి కలగలిసి ఉండటమే సహజం.

వారం పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. మన జిల్లాల్లో ఉన్నవాళ్లయితే మెయిల్‌కన్నా ఫోన్ పనిచేస్తుంది, ఫోన్‌కన్నా వెళ్లి కలవడం పనిచేస్తుంది. ఊరి విలేకరిని ‘మా షాపు గురించి రాయండి’ అని అడగడం కన్నా, ఈ ఏడాది తుపాను వల్లో ఎండల వల్లో జీడి పూత ఎలా ఉంది, పిక్కల రాబడి ఎలా ఉంది అన్న వివరం ఇవ్వండి. ఆయనకి వార్త కావాలి, మీ దగ్గర వార్త ఉంది. వెబ్ ఎడిషన్‌లో మీ పేరుతో వస్తే లింకు గురించి అప్పుడు అడగవచ్చు.

ఇతరుల సైట్‌కి వ్యాసం రాసిచ్చే గెస్ట్ పోస్టులు కూడా మంచివే, ఆ సైట్‌కి నిజమైన పాఠకులుంటే. రాసేది మీ సొంత సైట్‌లో పెట్టుకోవాలనిపించేంత బాగుండాలి. ఒకే వ్యాసాన్ని మాటలు మార్చి పది చోట్లకి పంపడం గూగుల్ నియమాలకి విరుద్ధం.

ఏడో అడుగు: దూరంగా ఉండాల్సినవి

‘అయిదు వేలకి వెయ్యి లింకులు’ అనే వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. దయచేసి కొనకండి. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, కొన్న లింకులు, కృత్రిమమైన లింకులతో పైకి వచ్చిన సైట్లను కిందికి దించింది. 2016లో అది ప్రధాన లెక్కలో భాగమైంది. 2022 డిసెంబరు నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే మెషీన్ లెర్నింగ్ వ్యవస్థతో లింకులు అమ్మే సైట్లనీ, కొనే సైట్లనీ పసిగడుతోంది. చాలాసార్లు శిక్ష కూడా పడదు, ఆ లింకులు లెక్కలోకే రావు. అంటే మీ అయిదు వేలు గాలిలో కలిసినట్టే. చిన్న వ్యాపారికి ఆ డబ్బు చిన్నది కాదు.

గడువు తీరిన పాత డొమైన్లు కొని వాటి పరపతిని వాడుకోవడం, ఒకరే యాభై సైట్లు నడిపి వాటన్నిటి నుంచి లింకులు ఇవ్వడం, ‘నువ్వు నాకివ్వు, నేను నీకిస్తా’ అని పెద్దఎత్తున ఇచ్చిపుచ్చుకోవడం, ఎక్కడపడితే అక్కడ కామెంట్లలో లింకు పడేయడం, ఇవన్నీ ఇదే కోవలోవి. ఇద్దరు మిత్రులు నిజంగా అవసరమైన చోట ఒకరికొకరు లింకు ఇచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ఊరి ఆటల పోటీకి చందా ఇచ్చి లింకు తీసుకున్నా తప్పు లేదు, దానికి స్పాన్సర్డ్ గుర్తు పెట్టమని నిర్వాహకులకి చెప్పండి.

మీరు అడగకుండానే ఏవేవో విదేశీ చెత్త సైట్ల నుంచి లింకులు కనబడితే టెన్షన్ పడకండి. ప్రతి సైట్‌కీ అవి వస్తుంటాయి, గూగుల్ వాటిని పక్కన పెట్టేస్తుంది. ఫలానా లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే డిసవౌ అనే పరికరం అవసరమయ్యేది అరుదు. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ అని, అంటే గూగుల్ మనుషులే చూసి చర్య తీసుకున్నారని, నోటీసు వచ్చినప్పుడో, మునుపు ఎవరో మీ సైట్‌కి లింకులు కొని పెట్టారని తెలిసి అవి తీయించడం కుదరనప్పుడో మాత్రమే వాడాలి. మంచి లింకుల్ని కూడా పొరపాటున అందులో పెడితే నష్టం మీకే.

ఎనిమిదో అడుగు: ఫలితం చూడటం, వచ్చినవి కాపాడుకోవడం

లింకు వచ్చిన మర్నాడే ర్యాంకు మారదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రోజూ చూసుకుని నీరసపడకుండా నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. లింకులు వచ్చిన పేజీకి ఇంప్రెషన్లు (వెతికినవాళ్లకి ఎన్నిసార్లు కనబడిందో), క్లిక్కులు గత మూడు నెలలతో పోలిస్తే ఎలా ఉన్నాయి, కొత్త మాటలకి కనబడుతోందా అన్నవి గమనించండి. ఆ లింకు నుంచి వచ్చినవాళ్లలో ఎవరైనా ఫోన్ చేశారా అన్నది ఇంకా ముఖ్యం. ఫోన్ చేసినవాళ్లని ‘మా గురించి ఎక్కడ చూశారండీ?’ అని అడిగి అదే షీట్‌లో రాసుకోండి. నెలకి ఒకటి రెండు నిజమైన లింకులు వస్తున్నాయంటే చిన్న సైట్‌కి అది మంచి నడకే.

పోగొట్టుకోకుండా చూసుకోవడం కూడా పనిలో భాగమే. సైట్ కొత్తగా చేయిస్తున్నప్పుడు పాత పేజీల చిరునామాలు మారిపోయి, సంపాదించిన లింకులన్నీ లేని పేజీల మీద పడుతుంటాయి. కొత్త డిజైన్ పని మొదలయ్యే ముందే సెర్చ్ కన్సోల్ నుంచి లింకులున్న పేజీల జాబితా దించుకోండి. ప్రతి పాత చిరునామాకీ ఎదురుగా కొత్త చిరునామా రాసి, ఆ కాగితం సైట్ చేసేవాళ్ల చేతికివ్వండి. ఒక్కోదానికీ విడిగా 301 పెట్టించండి, అన్నిటినీ హోమ్‌పేజీకి మళ్లిస్తే ప్రయోజనం ఉండదు. సైట్ మారిన రోజే ఆ జాబితాలోని చిరునామాలు ఒక్కొక్కటీ మీరే ఫోన్‌లో నొక్కి చూడండి. డొమైన్ గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, రెన్యువల్ మీ సొంత మెయిల్ మీదే ఉండేలా చూసుకోండి.